జాన్ నోట ఆర్థర్ పేరెందుకు రాలేదు? గేముల్లో మారిపోయే గతం కథ

బెంగళూరు మారతహళ్లి, బీటీఎం వైపు నలుగురు తెలుగు కుర్రాళ్లు కలిసి తీసుకున్న అద్దె ఫ్లాట్‌లో శనివారం రాత్రి పదింటికి ఏదో ఒక తగాదా నడుస్తూనే ఉంటుంది. టీవీ ముందు ప్లేస్టేషన్, నేల మీద పరుపు, పక్కన ఖాళీ అయిన బిరియానీ డబ్బాలు. తెర మీద గుర్రమెక్కిన ఆర్థర్ మోర్గన్. కంట్రోలర్ ఇరవై రెండేళ్లవాడి చేతిలో ఉంది. వెనక కుర్చీలో ముప్పై దాటినవాడు కూర్చుని చూస్తున్నాడు.

"వీడు 2010లో లేనే లేడ్రా. మొదటి గేమ్ మొత్తం ఆడాను. జాన్ ఒక్కసారి కూడా వీడి పేరెత్తలేదు."

"అదెలాగన్నా? జాన్‌ని బతికించిందే ఆర్థర్ కదా!"

ఇద్దరూ అన్నది నిజమే. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2010లో వచ్చింది. అందులో కథాకాలం 1911. జాన్ మార్‌స్టన్ అనే మాజీ బందిపోటు, ప్రభుత్వం మెడ మీద కత్తి పెడితే తన పాత ముఠావాళ్లను వెతికి చంపుతూ తిరుగుతాడు. రెండో గేమ్ 2018లో వచ్చింది. అది 1899లో మొదలై, అదే ముఠా ఎలా కూలిపోయిందో చూపిస్తుంది. ముఠా నాయకుడు డచ్‌కి కుడిభుజం లాంటివాడు ఆర్థర్. చివరికి జాన్‌ని అతని పెళ్లాంబిడ్డల దగ్గరికి పంపించి తాను చనిపోతాడు. అంత చేసిన మనిషి గురించి 1911 నాటి జాన్ ఒక్క ముక్క కూడా మాట్లాడడు. మాట్లాడడానికి 2010లో ఆర్థర్‌ని ఇంకా ఎవరూ సృష్టించలేదు. (ఈ గేములు ఆడాలనుకుంటూ ఇంకా మొదలుపెట్టనివాళ్లకి: ఇక్కడి నుంచి దాదాపు ప్రతి పేరాలోనూ ఒక స్పాయిలర్, అంటే కథ మలుపుని ముందే చెప్పేసే మాట, ఉంది.)

జనానికి చెప్పేసిన కథలోకి వెనక్కి వెళ్లి, పాత్ర గతాన్ని కొత్తగా రాయడాన్ని గేమర్లు రెట్‌కాన్ అంటారు. అమెరికన్ కామిక్స్ నుంచి వచ్చిన మాట ఇది. 1983లో ఒక సూపర్‌హీరో కామిక్‌లోని ఉత్తరాల పేజీలో కనబడ్డాక అభిమానుల నోళ్లలో పడింది. తెలుగువాళ్లకి వెంటనే గుర్తొచ్చేది ఫ్లాష్‌బ్యాక్. ఇంటర్వెల్ దాకా పూలమొక్కలకి నీళ్లు పోస్తూ కనబడ్డ హీరో, ఇంటర్వెల్ తరవాత సీమలో సుమోలు గాల్లోకి లేపినవాడని తెలుస్తుంది. కానీ ఆ సుమోల సంగతి రచయితకి మొదటి రీలు నాటికే తెలుసు. రెట్‌కాన్‌లో మొదటి సినిమా విడుదలై, జనం చూసి ఇంటికెళ్లి, ఏళ్లు గడిచాక రచయిత కొత్తగా కనిపెడతాడు. మొదటి భాగంలో చచ్చిపోయిన హీరోకి రెండో భాగంలో కవల తమ్ముడు పుట్టుకొచ్చినప్పుడు హాల్లో వచ్చే నవ్వు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. రెట్‌కాన్ చేసే రచయిత భయపడేది ఆ నవ్వుకే.

మన పండితుల దగ్గర దీనికి ఇంకా పాత మాటే ఉంది. మూలంలో లేనిదాన్ని తరవాతివాళ్లు చేరిస్తే ప్రక్షిప్తం అంటారు. వాల్మీకి ఊర్మిళ గురించి పెద్దగా ఏమీ చెప్పలేదు. తెలుగు ఆడవాళ్ల పాటల్లో ఆమె పద్నాలుగేళ్లు నిద్రపోతుంది, లక్ష్మణుడు తిరిగొచ్చి పలకరిస్తే పరాయి మగవాడనుకుంటుంది. అది ఖాళీని నింపడం. అహల్య సంగతి వేరు. బాలకాండలో ఆమె మునివేషంలో వచ్చినవాడు ఇంద్రుడని గుర్తుపడుతుంది. శాపం వల్ల ఎవరికీ కనబడకుండా బూడిదలో పడి ఉంటుంది. తరవాతి కథల్లో ఆమె మోసపోయిన అమాయకురాలైంది, రాయి కూడా అయింది. అది ఉన్నదాన్ని మార్చడం. తెలుగింటి పిల్లలకి తెలిసింది మార్చిన కథే. ఎవరూ గొడవ పెట్టుకోలేదు, ఎందుకంటే రామాయణానికి హక్కుదారు కంపెనీ లేదు. నచ్చినవాళ్లు నచ్చిన పాఠం చెప్పుకున్నారు. గేముల్లో ఆ వెసులుబాటు లేదు. పాత్ర ఒక సంస్థ ఆస్తి. ఏది అసలు కథో సంస్థ చెబుతుంది. దాన్నే క్యానన్ అంటున్నారు. క్యానన్ మారిందంటే పాతది చెల్లదన్నమాట.

చెల్లకపోతే ఏమైంది, కథే కదా అనిపించవచ్చు. సినిమా అయితే సరే. చూసినవాడు సోఫాలో కూర్చుని చూశాడంతే. గేమ్‌లో ఆ పాత గతం ఆటగాడు స్వయంగా చేసిన పని. నలభై గంటలు బొటనవేళ్లు నొప్పెట్టేలా నొక్కి, ఒకే చోట పదిసార్లు చచ్చి, పదకొండోసారి నెగ్గాడు. ఎనిమిదేళ్ల తరవాత కంపెనీ వచ్చి "అది అలా జరగలేదు" అంటే, పాత్ర గతంతో పాటు ఆటగాడి శనివారాలు కూడా మారిపోతాయి. అందుకే గేమ్ రెట్‌కాన్లను ఒకే ప్రశ్నతో తూచవచ్చు. ఆటగాడు చేసినదాన్ని అలాగే ఉంచి దాని అర్థం మార్చారా, లేక చేసిందే చేయలేదన్నారా?

ఆర్థర్ విషయంలో ఈ గేములు తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ మొదటి దారి పట్టింది. ముందు జరిగిన కథని తరవాత రాసేవాడికి ఒక చిక్కు ఉంటుంది. తరవాతి కథ అప్పటికే జాతకంలా రాసిపెట్టి ఉంది. 1911లో జాన్ బతికే ఉంటాడు, డచ్ కూడా ఉంటాడు. కాబట్టి 1899లో వాళ్లని ఎన్ని తుపాకుల ముందు నిలబెట్టినా చావరని పాత ఆటగాళ్లకి తెలుసు. టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది? 1911లో లేనివాడి నుంచే రావాలి. అంటే ఆర్థర్ పుట్టుకతోనే చావు రాసిపెట్టుకుని వచ్చాడు. మొదటి గేమ్‌లో అతని పేరు లేకపోవడమే రెండో గేమ్‌లో అతనికి మరణశాసనం. ఇది రచయితలు తమ లోటునే పెట్టుబడిగా మార్చుకున్న తీరు.

ఇంకాస్త దగ్గరగా చూడదగ్గది ఎపిలోగ్‌లో, అంటే అసలు కథ ముగిశాక వచ్చే చివరి భాగంలో, ఉంది. ఆట మొత్తం ఆర్థర్ సంచీలో ఒక డైరీ ఉంటుంది. చూసిన జంతువులు, ఊళ్లు, మనుషుల బొమ్మలు అందులో పెన్సిల్‌తో గీసుకుంటాడు. చెయ్యి తిరిగిన గీత అతనిది. అతను పోయాక ఆ డైరీ జాన్‌కి దక్కుతుంది. 1907లో ఆటగాడు జాన్‌గా ఆడుతూ ఆ డైరీ తెరిస్తే, పాత పేజీల తరవాత జాన్ రాత మొదలవుతుంది. బొమ్మలు వంకర టింకరగా, చిన్నపిల్లాడు గీసినట్టు ఉంటాయి. జాన్ ఏడవడు, ఆర్థర్ గురించి ప్రసంగమూ చేయడు. రాని బొమ్మలు గీస్తూ పోతాడు. మొదటి గేమ్‌లో జాన్ మౌనానికి ఇది జవాబని ఎక్కడా చెప్పలేదు, కానీ ఆ మౌనం పక్కన ఈ డైరీ పెట్టి చూడకుండా ఉండలేం. రెండో గేమ్‌ని రాక్‌స్టార్ స్టూడియోలన్నీ కలిసి చేశాయి, బెంగళూరు ఆఫీసు కూడా అందులో ఉంది. 1997లో ఇదే ఊళ్లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ని 2019లో రాక్‌స్టార్ కొని ఆ ఆఫీసులో కలిపేసింది. వైట్‌ఫీల్డ్ దాకా క్యాబ్‌లో పోయేవాళ్లలో ఆ గుర్రాల మీదో, ఆ మైదానాల మీదో పనిచేసినవాళ్లు ఉండవచ్చన్న ఊహ మారతహళ్లి తగాదాలకి కొంచెం రుచి పెంచుతుంది.

ఖాళీని నింపే పద్ధతికి బెంగళూరుకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2009 నాటి అన్‌చార్టెడ్ 2 గేమ్‌లో క్లోయి ఫ్రేజర్ అనే పాత్ర పరిచయమైంది. ఆస్ట్రేలియా యాస, నిధుల వేట, ఎవరినీ నమ్మని చూపు. భారతదేశంతో ఆమెకి సంబంధం ఉందన్న సూచన ఎక్కడా కనబడదు. 2017లో ఆమెనే నాయికగా పెట్టి ద లాస్ట్ లెగసీ తీసుకొచ్చినప్పుడు, తండ్రి భారతీయుడని, పురావస్తు పరిశోధకుడని, వినాయకుడి దంతం కోసం వెతుకుతూ బందిపోట్ల చేతిలో పోయాడని చెప్పారు. కథ పశ్చిమ కనుమల్లో, హోయసల రాజధాని శిథిలాల్లో నడుస్తుంది. పాత గేముల్లో ఒక్క డైలాగూ తప్పు కాలేదు. పుట్టిన ఊరు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు, అంతే. తెలుగువాళ్లం కొత్త మనిషి కనబడితే రెండో ప్రశ్నగా అడిగేది ఆ గేముల్లో ఎవరూ అడగకపోవడం వల్ల రచయితలు బతికిపోయారు.

ఆ గేమ్ ఆడి, తరవాతి వారాంతం హాసన్ వైపు కారు తీసినవాళ్లకి ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెరమీద జలపాతాల మధ్య ఆకాశాన్నంటే విగ్రహాలు. నిజంగా బేలూరులో 1117లో విష్ణువర్ధనుడు కట్టించిన చెన్నకేశవాలయం ఎత్తులో కాకుండా పనితనంలో గొప్పది. బలపపు రాయి మీద నగల పూసలు కూడా లెక్కపెట్టుకునేంత సన్నగా చెక్కారు. బెంగళూరు నుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున్నే బయల్దేరితే ఇడ్లీ, వడ దారిలోనే. హోయసలుల గతానికి కూడా గేమ్ కొత్త ఫ్లాష్‌బ్యాక్ రాసింది, ఈసారి రాజవంశానికే. వినాయకుడి దంతం విరగడం గురించి గేమ్ పరశురాముడి కథ ఎత్తుకుంది. మన ఇళ్లలో అదే దంతం భారతం రాయడానికి విరిగింది, నవ్విన చంద్రుడి మీదికి విసరడానికీ విరిగింది. మూడు కథలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. క్యానన్ కమిటీ ఉండి ఉంటే రెండు ఎప్పుడో ఎగిరిపోయేవి.

ఒంటి మీది గీతకి కూడా గతం అంటగట్టవచ్చు. 2005లో గాడ్ ఆఫ్ వార్ వచ్చినప్పుడు దాని నాయకుడు క్రేటోస్ ఒంటి మీది ఎర్ర పచ్చబొట్టు చూడ్డానికి భయంకరంగా ఉండే అలంకారం. 2010లో అదే వరసలో ఘోస్ట్ ఆఫ్ స్పార్టా వచ్చాక అది చిన్నప్పుడు దేవుళ్లు ఎత్తుకుపోయిన తమ్ముడి పుట్టుమచ్చకి గుర్తుగా వేయించుకున్నదైంది. పాత గేమ్‌లో ఏదీ మారలేదు, కానీ ఇప్పుడు మళ్లీ ఆడితే ఆ ఎరుపు వేరుగా కనబడుతుంది.

అర్థాన్ని మార్చే రెట్‌కాన్‌లో అందరికంటే దూరం వెళ్లింది మెటల్ గేర్ అనే గేముల వరస. 1987లో ఎంఎస్ఎక్స్2 కంప్యూటర్ మీద వచ్చిన మొదటి గేమ్‌లో ఆటగాడు సాలిడ్ స్నేక్. అవుటర్ హెవెన్ అనే కోటలోకి దొంగచాటుగా దూరతాడు. రేడియోలో దారి చూపిస్తూ వచ్చిన సొంత కమాండర్ బిగ్ బాసే విలన్ అని చివర్లో తెలుస్తుంది. అతన్ని ఓడించాలి. 1990లో వచ్చిన రెండో గేమ్‌లో అదే బిగ్ బాస్ మళ్లీ ప్రత్యక్షమై ఇంకోసారి ఓడిపోతాడు. అంత దెబ్బ తిన్నవాడు ఎలా తిరిగొచ్చాడని అప్పట్లో ఎవరూ గట్టిగా అడగలేదు. ఆటలో పెద్ద విలన్ మళ్లీ రావడం మామూలే.

అదే వరసలో 2015లో వచ్చిన ద ఫాంటమ్ పెయిన్ ఈ చిన్న కన్నంలోంచి మొత్తం గేమ్‌నే లాగింది. మొదట్లో సైప్రస్‌లో ఆసుపత్రి మంచం మీద, తొమ్మిదేళ్ల కోమా తరవాత, ఆటగాడు కళ్లు తెరుస్తాడు. డాక్టర్ వచ్చి మొహం మార్చాలంటాడు. తెర మీద ముక్కు, కళ్లు, దవడ సరిచేసే మెనూ వస్తుంది. పేరు, పుట్టినరోజు కూడా అడుగుతుంది. ఆటగాడు ఓపిగ్గా తన మొహం లాంటిది తయారుచేసుకుంటాడు. అంతలో దాడి, గందరగోళం. ఆ మొహం మళ్లీ కనబడదు. ఆటంతా బిగ్ బాస్ మొహమే. చేసిన మొహం ఏమైందని మొదట్లో విసుక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఇదేదో అనవసరపు మెనూ అనుకుని.

గంటల కొద్దీ ఆడాక, 46వ మిషన్‌గా అదే ఆసుపత్రి ఘట్టం మళ్లీ వస్తుంది. ఈసారి కొన్ని సంగతులు తేడాగా ఉంటాయి. కళ్లు తెరిచినవాడు బిగ్ బాస్ కాదు. హెలికాప్టర్ పేలినప్పుడు అతన్ని కాపాడబోయి గాయపడ్డ ఒక వైద్య సైనికుడు. మొహం మార్చి, మెదడుకి నూరిపోసి, బిగ్ బాస్‌గా నమ్మించారు. అద్దంలో కనబడేది మొదట్లో ఆటగాడు తయారుచేసుకున్న మొహమే. అతని చేతికి ఒక క్యాసెట్ వస్తుంది. ఒకవైపు అసలు బిగ్ బాస్ గొంతు. తిప్పి రెండో వైపు చూస్తే "ఆపరేషన్ ఇంట్రూడ్ ఎన్313" అని ఉంటుంది. 1987లో సాలిడ్ స్నేక్ అవుటర్ హెవెన్‌లో దూరిన ఆపరేషన్ పేరది. ఆ క్యాసెట్‌ని అతను ఎంఎస్ఎక్స్ యంత్రంలో పెడతాడు, తరవాత అద్దాన్ని పిడికిలితో పగలగొడతాడు.

అంటే 1987లో కోటలో ఓడిపోయింది ఈ నకిలీ బిగ్ బాస్. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆటగాడు ఓడించినవాడు కూడా, ఇప్పుడు తాను తయారుచేసిన మొహంతో నిలబడ్డ తానే. పాత గేమ్‌లో ఒక్క పిక్సెల్ కదల్లేదు. ఓడించడం ఓడించడమే. కానీ ఎవరిని ఎవరు ఓడించారన్నది తిరగబడింది. కథలో లొసుగులున్నాయి, గేమ్ ఆఖరి భాగం హడావిడిగా ముగిసినట్టుంటుందన్న విమర్శ నిజం. అయినా ఈ ఒక్క తిప్పు ముందు అవి చిన్నవి. కంట్రోలర్ పట్టుకునే మాధ్యమంలో తప్ప ఇంకెక్కడా ఈ రెట్‌కాన్ పనిచేయదు.

అందరికీ ఇంత ప్రణాళిక ఉండదు. చాలా రెట్‌కాన్లు పొరపాటు నుంచో, అవసరం నుంచో, కోర్టు గుమ్మం నుంచో పుడతాయి.

పొరపాటుకి మచ్చు స్ట్రీట్ ఫైటర్. 1991 నాటి రెండో గేమ్‌లో ర్యూ అనే యోధుడు గెలిచాక, తన "షోర్యూకెన్" దెబ్బని తట్టుకోలేకపోతే తనని గెలవలేవన్న అర్థంలో ఒక మాట అంటాడు. అనువదించినవాళ్లు ఆ జపనీస్ అక్షరాలని చైనీస్ ఉచ్చారణలో చదివి "షెంగ్ లాంగ్‌ని ఓడించాలి" అని రాశారు. దెబ్బ పేరు మనిషి పేరైంది. ఇంగ్లీషు ఆటగాళ్లు ఎవరీ షెంగ్ లాంగ్ అని తలలు బద్దలుకొట్టుకున్నారు. 1992లో ఒక అమెరికన్ గేమ్ పత్రిక ఏప్రిల్ ఫూల్ జోకుగా అతన్ని చూసే రహస్య పద్ధతి అచ్చేస్తే జనం వందల సార్లు ప్రయత్నించారు. ర్యూకి గౌకెన్ అనే గురువు నిలదొక్కుకోవడం వెనక ఆ పుకారు నీడ కూడా ఉంది. ఆ గురువు అకుమా అనే మరో యోధుడి చేతిలో చనిపోయాడని చెప్పి, 2008 నాటి నాలుగో గేమ్‌లో చావలేదని బతికించి దింపారు. అనువాదపు తప్పు నుంచి వంశవృక్షం మొలిచిందన్నమాట.

వార్‌క్రాఫ్ట్ పొరపాటు ఇంకా నిజాయితీగా బయటపడింది. 2002లో వచ్చిన మూడో గేమ్‌తో ఇచ్చిన పుస్తకంలో, ఎరెదార్ అనే దుష్టజాతి వల్ల, ఆ కథాలోకంలోని పెద్ద విలన్ సార్గెరాస్ చెడిపోయాడని ఉంది. 2007 నాటి బర్నింగ్ క్రూసేడ్ అనే తరవాతి భాగానికి కొత్త డ్రెనాయ్ జాతి కావాల్సి వచ్చి, సార్గెరాసే మంచివాళ్లయిన ఎరెదార్‌ని చెడగొట్టాడని తిప్పి రాశారు. అభిమానులు పాత పుస్తకం తీసి పేజీ చూపించారు. కథ బాధ్యత చూసే క్రిస్ మెట్జెన్ తానే రాసిన పాత సంగతి మరిచిపోయానని, గేమ్ విడుదలకి ముందే, 2006లో బాహాటంగా ఒప్పుకున్నాడు. అభిమాని రచయితకంటే బాగా గుర్తుంచుకుంటాడు. రచయిత రాసి మరిచిపోతాడు, అభిమాని చదివి దాచుకుంటాడు.

మన దగ్గర ఆ దాచుకోవడం కూడా ఆలస్యంగానే మొదలైంది. తొంభైల్లో పాత్ర చరిత్ర ఎక్కువగా గేమ్‌లో ఉండేది కాదు, డబ్బాలో వచ్చే మాన్యువల్‌లో రెండు పేరాలుగా ఉండేది. బెంగళూరు ఎస్పీ రోడ్డు, నేషనల్ మార్కెట్, మద్రాసు బర్మా బజార్‌లలో అప్పట్లో దొరికింది ఎక్కువగా ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పైరేటెడ్ సీడీ. మాన్యువల్ ఎక్కడిది? 1996 టూంబ్ రైడర్ మాన్యువల్‌లో లారా క్రాఫ్ట్ ఇరవై ఒకటో ఏట హిమాలయాల్లో విమానం కూలితే ఒక్కతే బతికి బయటపడుతుంది. 2006 నాటి లెజెండ్‌లో అదే ప్రమాదం తొమ్మిదేళ్ల వయసుకి జరిగింది, పక్కన తల్లి కూడా ఉంది. 2013లో అసలు విమానమే లేదు, ఓడ మునిగి ఒక దీవిలో తేలింది. మూడు జీవితాల లారాని మన కుర్రాళ్లు ఒక్క పిస్తోళ్ల జంటతోనే గుర్తుపెట్టుకున్నారు. చదవని గతాన్ని మార్చితే కోపమెక్కడ వస్తుంది?

అవసరం కొద్దీ చేసేవాటిలో ఎక్కువ వాటా చచ్చినవాళ్లని లేపడానిదే. 1996లో రెసిడెంట్ ఈవిల్‌లో వెస్కర్‌ని రాక్షసుడు పొడిచి చంపడం కళ్లారా చూస్తాం. నల్లకళ్లద్దాల విలన్ జనానికి బాగా నచ్చాడు. 2000లో కోడ్ వెరోనికాలో లేచి వచ్చాడు, ముందే ఒంట్లోకి వైరస్ ఎక్కించుకున్నాడని కారణం చెప్పారు. ఇలాంటి చోట వైరస్, క్లోన్, నానోమెషీన్ అన్నీ ఒకే పని చేస్తాయి, మన పాత సినిమాల్లో జ్ఞాపకశక్తి పోవడం చేసినట్టు.

చట్టం, పరువు కూడా గతాన్ని రాయిస్తాయి. ఓవర్‌వాచ్‌లో ఒక కౌబాయ్ పాత్రకి కంపెనీ ఉద్యోగి ఒకరి పేరే పెట్టారు. 2021లో ఆ కంపెనీ మీద వేధింపుల కేసు పడింది, ఆ ఉద్యోగి కూడా బయటికి వెళ్లారు. అదే ఏడాది అక్టోబరులో పాత్ర పేరు కోల్ కాసిడీ అయింది. పేరు మార్చామని ఊరుకోకుండా దానికి కథ కూడా అల్లారు: ముఠా జీవితం నుంచి పారిపోతూ పెట్టుకున్న దొంగపేరే పాతది, ఇప్పుడు అసలు పేరుతో బతుకుతున్నాడట. ఆఫీసు సమస్యకి పాత్ర చేత ప్రాయశ్చిత్తం చేయించారు. ఇక మన దేశం మాట. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ నిషేధమైంది. 2021 జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)గా తిరిగొచ్చింది. అదే దీవి, అవే తుపాకులు. కానీ ఇదంతా వర్చువల్ శిక్షణ మైదానమని మొదట్లోనే చెబుతారు. "కిల్" అన్నచోట "ఫినిష్" అంటారు. మొత్తం యుద్ధాన్నే సిమ్యులేషన్‌గా మార్చిన రెట్‌కాన్ ప్రపంచంలో ఇంకొకటి ఉందో లేదో గానీ, బీటీఎంలో ఎవరూ దాన్ని చదివిన పాపాన పోలేదు. స్కిప్ నొక్కి దూకేశారు.

ఇంతవరకు చెప్పినవాటిలో ఆటగాడు చేసిన పని చెక్కుచెదరలేదు. నిజంగా కడుపు మండే రకం వేరే ఉంది. ఎంపిక ఆటగాడి చేతికి ఇచ్చి, తరవాత లాక్కునేది.

2003లో బయోవేర్ అనే సంస్థ స్టార్ వార్స్ ప్రపంచంలో చేసిన గేమ్‌లో నాయకుడు ఆడో మగో ఆటగాడి ఇష్టం, చివరికి మంచివైపు ఉండాలా చెడువైపు ఉండాలా అన్నదీ ఆటగాడి ఇష్టం. పాత్ర పేరు రెవాన్. 2011లో అదే సంస్థ ఆన్‌లైన్ గేమ్ తెచ్చినప్పుడు రెవాన్ మగవాడని, వెలుగువైపే నిలిచాడని తేల్చేశారు. ఆడ రెవాన్‌తో ఆడినవాళ్ల గేమ్ ఏమైంది? సేవ్ ఫైల్ డిస్క్‌లో ఉంది, కథలో లేదు. డ్రాగన్ ఏజ్‌లో ఇంకా విచిత్రం. 2009 నాటి మొదటి గేమ్‌లో పవిత్ర భస్మాన్ని అపవిత్రం చేస్తే, పక్కనున్న లెలియానా తిరగబడుతుంది, ఆమెని చంపాల్సి వస్తుంది. చంపినవాళ్లకి 2014 నాటి ఇంక్విజిషన్‌లో ఆమె నిక్షేపంగా ఎదురొచ్చి రాజకీయాలు నడిపిస్తుంది. కథ ముందుకి సాగాలంటే ఆమె కావాలి, నిజమే. ప్రతి ఎంపికకీ ఒక కొమ్మ వేసుకుంటూ పోతే మూడో గేమ్ నాటికి చెట్టు మోయలేం, అదీ నిజమే. అయినా తన చేత్తో చంపినవాడికి వివరణ ఇవ్వాల్సిన బాకీ రచయిత మీదే ఉంటుంది. "నువ్వు చంపావు, కానీ..." అని మొదలుపెట్టిన ప్రతి వాక్యమూ ఆటగాడికి "నువ్వు చంపలేదు" అన్నట్టే వినిపిస్తుంది.

ఎప్పటికప్పుడు మారిపోయే ఆన్‌లైన్ గేముల్లో ఈ బాకీ ఎగ్గొట్టడం సులువైంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2009లో మొదలైనప్పుడు, ఆటగాడు మంత్రగాడు, వీరులని పిలిచి పోరాడిస్తాడని కథ. 2014లో ఆ ఏర్పాటంతా రద్దు చేశారు. 2021లో ఈ గేమ్ ఆధారంగా ఆర్కేన్ సిరీస్ వచ్చి హిట్టయింది. 2024లో సిరీస్‌లోని విక్టర్‌కి తగ్గట్టు గేమ్‌లోని విక్టర్ రూపం, చరిత్ర మార్చేశారు. వేల మ్యాచ్‌లు ఆడిన పాత విక్టర్ ఒక అప్‌డేట్‌తో పోయాడు. డెస్టినీ 2 అయితే 2020 నవంబరులో తన 2017 నాటి మొదటి కథ మొత్తాన్నే గేమ్‌లోంచి తీసేసింది. పుస్తకంలో ప్రక్షిప్తం చేరితే పాత తాళపత్రం ఎక్కడో ఒక మఠంలో దొరుకుతుంది, పక్కపక్కన పెట్టి చూడవచ్చు. సర్వర్‌లో మారినదానికి తాళపత్రం లేదు. ఎవరో రికార్డు చేసి పెట్టుకున్న వీడియోలే దిక్కు. తెలుగులో ఒక మంచి సంగతి: మన ఆటగాళ్లు ఆడుతూ మాట్లాడుతూ పెట్టిన వందల గంటల స్ట్రీములు చాలాచోట్ల ఆ పాత రూపానికి సాక్ష్యంగా మిగిలాయి. "అన్నా, అటు చూడన్నా" అన్న అరుపుల వెనక, ఇప్పుడెక్కడా లేని గోడలు, మనుషులు కనబడతారు.

మళ్లీ ఆ ఫ్లాట్. 2024 అక్టోబరులో 2010 నాటి రెడ్ డెడ్ రిడెంప్షన్ పీసీకి వచ్చింది. ఇరవై రెండేళ్లవాడు ఆర్థర్ కథ ముగించి, అది మొదలుపెట్టాడు. బొమ్మలు పాతబడ్డాయి, గుర్రం కదలిక మొద్దుగా ఉంది. జాన్ మంట పక్కన కూర్చుని, ముఠా తనని చావుకి వదిలేసి పోయిందని ఎవరికో చెబుతుంటాడు. డచ్ పేరెత్తుతాడు, ఇంకొందరి పేర్లు చెబుతాడు, తరవాత ఆగిపోతాడు. 2010లో కుర్చీలోని పెద్దాయన అదే సంభాషణ విని ముందుకెళ్లిపోయాడు, అందులో ఆగడానికేమీ లేదు. పరుపు మీదివాడు మాత్రం కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కాసేపు కదల్లేదు.

"చూశావా, పేరెత్తలేకపోతున్నాడన్నా," అన్నాడు.